పారేసే తీసివేత

వేర్లె క్లాస్‌కి యాభై ఐదేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు లూవెన్ నగరంలోని ఒక చిన్న కంపెనీలో గుణకారాలకే పోయాయి. గుర్తింపు కార్డులో ఉండే చిప్‌లో, వందల అంకెల సంఖ్యల్ని గుణించే భాగం ఆమెది. అది ఎంత తక్కువ చోటులో, ఎంత తక్కువ కరెంటుతో జరిగితే అంత గొప్ప. గురువారం ఆ చిప్ నమూనా ఫ్యాక్టరీకి వెళ్లిపోతే, వచ్చే నెల నుంచి ఆమెకు ప్రతి బుధవారం సెలవు. అర్జీ మీద సంతకాలు కూడా అయ్యాయి. చిప్ వెళ్లాకే అన్నది ఒక్కటే షరతు.

గుణకారం చివర ఒక్కోసారి ఒక తీసివేత కావాలి, ఒక్కోసారి అక్కర్లేదు. అక్కర్లేదని చిప్ ఊరుకుంటే, బయట కరెంటు కొలిచే దొంగ ఆ సంగతి పట్టేస్తాడు. అలా కాస్తకాస్తగా కార్డులో దాచిన రహస్య సంఖ్యంతా లాగేస్తాడు. అందుకే పని తెలిసినవాళ్లు తీసివేతను ప్రతిసారీ చేయిస్తారు. అక్కర్లేని జవాబు పారేస్తారు.

సోమవారం ఆఖరి పరీక్షలో, తీసివేత కావాల్సినప్పటి కరెంటుకొకటి, అక్కర్లేనప్పటిదానికొకటి, తెర మీద ఒకదానిమీదొకటి పడాల్సిన రెండు గీతల్లో ఒకటి చివర్లో కుంగింది. వేర్లె దాన్ని చాలాసేపు చూసింది. కళ్లు మండాయి.

ఆమె కన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడైన మేనేజరు స్టైన్ కాఫీతో వచ్చాడు.

"ఏంటి వేర్లె, ఎవరో పోయినట్టు కూర్చున్నారు?"

"ఇటు చూడు. తీసివేత లేదు."

"రాయడం మర్చిపోయారా?"

"రాశాను. జవాబు ఎవరూ వాడట్లేదు కదా అని డిజైన్ సాఫ్ట్‌వేర్ దండగ కింద లెక్కేసి పీకేసింది. దీన్ని ముట్టుకోకు అని గుర్తు పెట్టాలి. కొత్తగా వచ్చే ప్రతివాడికీ మొదటిరోజే చెప్తాను. నేనే పెట్టలేదు."

"ఓహో! చోటు అంత తగ్గింది అందుకన్నమాట. పోయిన నెల దానికి కేకు కూడా కోశాం."

"కోశాం. రెండు ముక్కలు తిన్నావు నువ్వు."

స్టైన్ నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "ఇంత చిన్న కుంగు... ఎవరికి తెలుస్తుంది చెప్పండి? మళ్లీ పెడితే ఆ చోటులో పట్టదు. గురువారం తప్పితే ఫ్యాక్టరీలో మన వంతు మూడు నెలల తర్వాతే. మీ బుధవారాలు కూడా గోవిందా."

వేర్లెకి ఒప్పేసుకోవాలని ఉంది, నిజంగానే. తలనొప్పిగా ఉంది.

"బయట ల్యాబుల్లో ఇది కొలిచి పట్టుకునేవాళ్లు నా దగ్గర నేర్చుకున్న పిల్లలే, స్టైన్," అంది చివరికి. "గురువారం పంపట్లేదని ఫ్యాక్టరీకి ఫోన్ చెయ్యి."

అతను కాఫీ అక్కడే వదిలేసి వెళ్లాడు.

వేర్లె గుర్తు పెట్టింది. తీసివేత తిరిగొచ్చింది. చోటు చాలలేదు. పక్క భాగాల్ని ఒక్కొక్కటే జరుపుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత నాలుగో బుధవారం మధ్యాహ్నం రెండు గీతలూ కలిసి ఒక్కటిగా కనబడ్డాయి. సరిగ్గా ఉందో లేదోనని ఇంకోసారి కొలిచింది. తర్వాత బల్ల మీద తల వాల్చేసింది.