పూలజడ వద్దన్న పిల్ల

మల్లెమొగ్గల వాసన తగిలితే మిగతావాళ్లకు ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం ఫోటో స్టూడియోలో నిలువుటద్దం గుర్తొస్తుంది. మా గోదావరి జిల్లాల్లో ఆడపిల్ల ఉన్న ఇంట్లో పూలజడ ఫోటో ఉండాల్సిందే. వేసవిలో జడ నిండా మొగ్గలు కుట్టి, అద్దానికి వీపు పెట్టి నిలబెట్టి, ముఖమూ జడా రెండూ పడేలా తీసేవారు. నా ఫోటోలో జడ బ్రహ్మాండంగా ఉంటుంది, ముఖం మాత్రం ఆముదం తాగినట్టుంటుంది. సూది గుచ్చుకున్నా కిక్కురుమనకపోవడమే ఆడపిల్ల లక్షణమని మా అమ్మమ్మ సిద్ధాంతం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుగా ఉద్యోగంలో చేరాను. అంత పొడుగు పేరు ఎవరికి పడుతుంది? పిల్లలతో ఆటలాడిస్తూ వాళ్ల పనులు వాళ్లకు సులువు చేసేదాన్ని కాబట్టి ఊళ్లో వాళ్లు "ఆటల డాక్టరమ్మ" అనేవారు. నాకూ ఆ పేరే నచ్చింది. ఆదివారం ఆదివారం నిడదవోలులో పాసింజరెక్కి, పాలకొల్లులో దిగి, ఆటోలో గోదావరి గట్టుదాకా వెళ్లేదాన్ని. అక్కడి బడిలో మాకొక గది ఇచ్చారు. పట్నంలో ఈ పనికి వాడే ఖరీదైన ఊయల మాకెక్కడిది? చేపలు పట్టేవాళ్లు ఒక పాత వల తెచ్చి దూలానికి కట్టారు. అందులో కూర్చున్న పిల్లను వల అన్నివైపులా గట్టిగా పొదివి పట్టుకునేది. అంత మంచి ఊయల నేను మళ్లీ చూడలేదు.

ఒక ఏడేళ్ల పిల్ల ఆ వల దిగేది కాదు. మాటలు తక్కువ. తలమీద ఎవరు చెయ్యి వేసినా ఊరు లేచిపోయేలా కేకలు పెట్టేది. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని వీధిలో నవ్వుకునేవారు. అది చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆ పిల్లది మొండితనం కాదు. తేలిగ్గా తాకితే చీమలు పాకినట్టుంటుంది, గట్టిగా అదిమితే హాయిగా ఉంటుంది. దాని ఒంటి తీరే అంత, అందులో బాగుచేయడానికేమీ లేదు.

వాళ్లమ్మ పాలకొల్లు మార్కెట్లో చేపలమ్మేది. వచ్చిన మొదటిరోజే అసలు సంగతి చెప్పేసింది.

"పోయినేడు పూలజడ వేద్దామని అందరం కలిసి పట్టుకున్నామండి. కెవ్వుకెవ్వుమని అరిచి, విడిపించుకుని మంచం కింద దూరిపోయిందండి. ఆ రోజునుంచీ నా దగ్గరికి రాదండి. అన్నం పెడితే కంచం పట్టుకుని అవతలికి పోద్దండి. ఈ యేడు మల్లెలొచ్చేలోగా ఎలాగైనా జడ వేయించుకునేలా చేసి పెట్టండి మేడంగారూ. ఒక్క ఫోటో చాలండి."

"మీకు ఫోటో కావాలా, పిల్ల కావాలా అండి?" అన్నాను, కాస్త కటువుగానే.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, "రెండూ కావాలండి" అంది. నిజమే, రెండూ ఎందుకు కోరుకోకూడదు?

పిల్ల ఓర్చుకునేలా చేసే పని నేను పెట్టుకోలేదు. అరచెయ్యి చూపిస్తే ఎవరైనా సరే ఆపేయాలని ఒకే ఒక్క కట్టుబాటు పెట్టాను. తల్లికి రెండు అరచేతులతో తల అదమడం నేర్పాను. పళ్లు దూరందూరంగా ఉన్న దువ్వెన పిల్ల చేతికే ఇచ్చాం. మొదట్లో అమ్మ గడప దాటి రాకముందే చెయ్యి ఎత్తేసేది. "దీని దుంపతెగ, ట్రాఫిక్ పోలీసైపోయిందండి" అని నవ్వేది తల్లి, నవ్వుతూనే ఆగేది. శివరాత్రి వెళ్లేసరికి పిల్ల పీటమీద కూర్చుని అమ్మ చేత జడ అల్లించుకుంది. ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేను ఆనందంతో ఏడ్చాను.

మల్లెలొచ్చాయి. నన్నూ వాళ్లింటికి రమ్మన్నారు. పూలజడ కుట్టడంలో పిల్ల మేనత్త అందెవేసిన చెయ్యి. బుట్టెడు మొగ్గలు, కొత్త గౌను, స్టూడియోకి మాట్లాడుకున్న ఆటో, అన్నీ సిద్ధం. అరుగుమీద ఆడవాళ్లంతా చేరారు. తల్లి జడ అల్లింది. మేనత్త ఒక వరస మొగ్గలు కుట్టింది. తల్లి ముఖం వెలిగిపోయింది. రెండో వరసకు సూది గుచ్చగానే పిల్ల అరచెయ్యి లేచింది.

"ఇంకెంతసేపు, మా తల్లివి కదూ" అంటూ మేనత్త జడ వదల్లేదు. "నువ్వు కాస్త గట్టిగా పట్టుకోవే" అంది తల్లితో.

"ఏడిస్తే ఏడ్చిందిలే, ఒక్క గంట!" అన్నారెవరో.

నోరు తెరవబోయి ఆగాను. అది నేను చెప్పాల్సిన మాట కాదు. తల్లి పువ్వులవైపు చూసింది, గౌనువైపు చూసింది. పిల్ల చెయ్యి ఇంకా పైనే ఉంది.

"ఆపేయండి వదినగారూ" అంది.

"బుట్టెడు పువ్వులు, ఏం చేసుకుంటావే?"

"వీధిలో పంచేత్తానండి. వదిలేయండి."

తనే దారం తెంపి, కుట్టిన మొగ్గలు ఒక్కొక్కటీ తీసేసింది. పిల్ల లేచి నిలబడింది. మళ్లీ మంచం కిందకేననుకున్నాను. అది తల్లివైపు చాలాసేపు చూసింది. తర్వాత కొత్త గౌనుతోనే కిందపడుకుని, తల తెచ్చి అమ్మ ఒడిలో పెట్టుకుంది. తల్లి చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలోనే ఆగిపోయింది. కాసేపటికి పిల్ల నిద్రపోయింది. మేనత్త ముక్కు చీదుకుంటూ పువ్వులు పంచడానికి వెళ్లింది.

నాకు రైలు వేళయింది. మా వైపు ఇంటికొచ్చిన మనిషి వెళుతుంటే బొట్టు పెట్టి వీధి చివరిదాకా వచ్చి సాగనంపుతారు, కూర్చున్నచోటే కూర్చుని పంపడం ఎంత లేనివాళ్ల ఇంట్లోనూ లేదు. నేను చెప్పులేసుకుంటుంటే ఆవిడ తలెత్తి, పిల్ల లేవకుండా గొంతు తగ్గించి అంది.

"ఏమనుకోకండి మేడంగారూ, లేవలేనండి."