గాడిపొయ్యిలో ఊట

నా చిన్నప్పుడు పొయ్యిలో నీళ్ళు పుట్టడం కళ్ళారా చూశాను. ఈ మాటంటే మా మనవలు నవ్వుతారు, తాత మళ్ళీ కోతలు మొదలెట్టాడని. కోతలు నాకు రావని కాదు గానీ, ఇది మాత్రం కోత కాదు.

మాది విజయనగరం వైపు. రైల్వే ఉద్యోగాల మీద రాయపూర్ వచ్చి కాలనీలో పాతుకుపోయిన వాళ్ళం. కాలనీ క్లబ్బు వాళ్ళు ఊరి బయట ఒక వాగుకి అడ్డంగా మట్టికట్ట పోయించి చిన్న చెరువు చేసుకున్నారు. పొలాలకీ కాదు, తాగడానికీ కాదు. ఆదివారం పూట పడవెక్కి తిరగడానికి, గాలాలు వేసుకు కూర్చోడానికి. కట్ట దిగువన పల్లంలో మాత్రం కూలీల గుడిసెలు కొన్ని ఉండేవి. కార్తీకమాసం వస్తే తెలుగువాళ్ళమంతా వనభోజనాలకి అక్కడికే పోయేవాళ్ళం. కట్ట పక్కనే ఒక ఉసిరిచెట్టు, గాలి కొట్టని చోటు. ఏటా సరిగ్గా కట్ట అడుగునే బారుగా గాడి తవ్వి, అందులో కట్టెలు పేర్చి, మీద గుండిగలు ఎక్కించేవారు. ఆ గాడిపొయ్యి మీద వండిన పప్పు రుచి ఇంకెక్కడా రాదని మా పెద్దమ్మ వాదన.

ఆ ఏడు వానలు బాగా పడి చెరువు అంచులదాకా ఉంది. మగవాళ్ళు పోయినేటి గాడినే ఇంకాస్త లోతు చేశారు. మంట అందుకుని, ఎసరు మరగబోతుండగా పొయ్యి చుయ్యిమంది. కట్టెలు పక్కకి లాగి చూస్తే, గాడి అడుగున గుప్పెడంత ఊట బుడబుడలాడుతోంది. అందరం చుట్టూ మూగాం. పెద్దమ్మ చెంపలు వేసుకుని, గంగమ్మ తల్లే వచ్చినాది, పసుపు కుంకాలు పట్రండర్రా అంది. ఎవరో అప్పుడే కొబ్బరికాయ కొట్టేశారు కూడా. నాకేమీ అర్థం కాలేదు. పక్కన అంత చెరువు పెట్టుకుని గంగమ్మ మా పొయ్యిలోకే ఎందుకొచ్చినట్టు? అదే పైకి అన్నాను. పెద్దమ్మ నెత్తిన ఒక్కటి మొట్టింది.

రైలు పట్టాల కింద మట్టికట్టలు చూసే ఇన్‌స్పెక్టరు మా పెదనాన్న. పేకముక్కలు చేతిలో ఉండగానే లేచి వచ్చి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగవే. పసుపెయ్యకు. నీళ్ళ రంగు చూడనీ."

"దేవతకి పసుపెయ్యొద్దంటారేటండీ?"

"దేవత ఎక్కడికీ పోదులే."

గాజుగ్లాసు తెప్పించి, ఊట నీళ్ళు పట్టి ఎండకెత్తి చూశాడు. గ్లాసు అడుగుకి మట్టి దిగుతోంది. ఇంత మంది పెద్దవాళ్ళకి తట్టనిది నాకు తట్టిందని, నేనొక బంకమట్టి ముద్ద తెచ్చి ఊట మీద కుక్కి, మడమతో తొక్కి నిలబడ్డాను. నీళ్ళు ఆగాయి. మెచ్చుకుంటారేమోనని అటూ ఇటూ చూశాను. ఈలోగా జానెడు దూరంలో రెండు చోట్ల బుడగలు లేచాయి. పెదనాన్న చెవి పట్టుకుని నన్ను ఇవతలికి లాగాడు.

"నువ్వు మూస్తే ఊరుకుంటాదేటిరా? లోపల్లోపల ఇంకో దారి తవ్వుకుంటాది."

అలా అన్న మనిషి, మరుక్షణం నవ్వుతూ అందరివైపూ తిరిగాడు. తల్లికి ఇక్కడే గద్దె కట్టాలన్నాడు. ముందు వాగులో ఇసుక, దాని మీద క్లబ్బు బాట కోసం పోసిన కంకర, ఆపైన రాళ్ళు. ఎవరు ఎక్కువ మోస్తే వాళ్ళకి మొదటి విస్తరి. ఇంకేముంది, పిల్లలం గిన్నెలతో, ఆడవాళ్ళు బిందెలతో, పేకాట జనం తువ్వాళ్ళతో ఇసుక మొయ్యడం మొదలెట్టాం. పెదనాన్న చెరువు కాపలా కాసే క్లబ్బు చౌకీదారు భుజం మీద చెయ్యేసి ఏదో మెల్లగా చెప్పాడు. వాడు గుడిసెల వైపు పరుగు. ఇద్దరు మగవాళ్ళు కట్టెక్కి తూము తలుపు ఎత్తి చెరువు నీళ్ళు పక్క కాలవలోకి వదిలారు. కాసేపటికి గుడిసెల జనం మూటలతో, మేకలతో, చంటిపిల్లలతో మిట్టకి ఎక్కి రావడం కనిపించింది. మా పులిహోరకి ఇంత పేరుందా అనుకున్నాను నేను.

ఎంత ఇసుక పోసినా నీళ్ళు వస్తూనే ఉన్నాయి. పడ్డ కష్టమంతా వృథా అయిందని పెదనాన్నకి చెప్పాను.

"రానీరా. నీళ్ళు పోతే పోనీ. వాటితో పాటు మట్టి పోకూడదు, అంతే."

మాటిమాటికీ గ్లాసు నింపి ఎండకెత్తేవాడు. పొద్దు వాలేవేళకి గ్లాసులో నీళ్ళు తేటగా ఉన్నాయి. అప్పుడాయన ఉన్నచోటే నేలమీద కూలబడ్డాడు. అది చూసి నేను మొదటిసారి భయపడ్డాను, భయపడాల్సిన సమయం దాటిపోయాక.

గుడిసెల వాళ్ళతో కలిసే ఆ సాయంత్రం భోజనాలయ్యాయి. తింటూండగా పెదనాన్న అసలు సంగతి చెప్పాడు. ఏటేటా పొయ్యి కోసం మనమే కట్ట పాదం గోకి గోకి చెరువుకి దారిచ్చామనీ, మట్టి అలాగే కొట్టుకుపోయుంటే కట్ట తెగి గుడిసెల మీద పడేదనీ, ఇకమీదట అక్కడ గునపం దించొద్దనీ. ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదాని పెద్దమ్మ మండిపడింది.

"చెప్తే మీరు కేకలేసేవోళ్ళు. ఇసుక ఎవడు మోస్తాడే?"

"మరి గంగమ్మ అని అబద్ధమాడినట్టేనా?" అన్నాను నేను.

"గంగమ్మ కాదని నానెప్పుడన్నానురా? రాకపోతే మనకి తెలిసేదా?"

ఆ జవాబు నాకు అప్పుడూ బోధపడలేదు, ఇప్పుడూ పూర్తిగా పడలేదు.

చదువు నాకు ఎక్కువ అంటలేదు. బడి మానేసి రాయపూర్‌లోనే పండరీ బజారులో ఒక బట్టల కొట్లో చేరి, కొన్నేళ్ళకి సొంత కొట్టు పెట్టాను. రంగు వెలిసిన చీర పట్టుకుని ఒకామె అరుచుకుంటూ వస్తుంది. పక్క కొట్టువాళ్ళు వెంటనే సర్దిచెప్పబోతారు, ఆమె గొంతు ఇంకా పెరుగుతుంది. నేను మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, అననిస్తాను. కోపం పోతే పోనీ, మనిషి పోకూడదు. అది కోపమేనా, లోపల ఇంకేదైనా కరుగుతోందా అని చూస్తూ కూర్చుంటాను. తేలేదాకా నోరు మూసుకుంటాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళకి అదెంత కష్టమో తెలుసు.