కార్క్ చేరని చలిమిడి

ఏడేళ్ళుగా ఒక స్టీలు డబ్బా బరువు మోస్తున్నాను. ఖాళీ డబ్బా. నా పేరు చెప్పను. చెబితే డబ్లిన్‌లో సగం మంది తెలుగువాళ్ళు "ఓ, ఆయనా" అంటారు. బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే కంప్లైంటు రాసేవాణ్ణి. శుభలేఖ మీద నా పేరు ముందు 'శ్రీ' లేదని ఆ పెళ్ళికే వెళ్ళనివాణ్ణి. ఇన్నేళ్ళూ అందరి తప్పులూ రాశాను. నా తప్పు రాయడం ఇదే మొదలు.

డబ్లిన్ శివారు క్లోనీలో మా వీధిలోనే ఉండే సుజాత, ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర, నాకు చూసి వడ్డించమనీ లేకపోతే మర్నాడు ఈమెయిల్ వస్తుందనీ అందరి ముందూ అంది. అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. పప్పు గిన్నె పట్టుకున్నావిడ నవ్వుతూ నవ్వుతూ నన్ను దాటి వెళ్ళిపోయింది. ఆ పూట పప్పు లేకుండానే తిన్నాను. సుజాత ఆ సంగతి మర్నాటికే మరిచిపోయింది. అది నాకు రెండో అవమానం.

రెండేళ్ళ తర్వాత, కార్క్‌లో ఉండే ఆమె చెల్లెలు మాధవికి ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు. పుట్టింటివాళ్ళు చలిమిడి పెట్టాలి. వాళ్ళమ్మకు వీసా రాలేదు కాబట్టి ఆ పని సుజాత మీద పడింది. అంతకుముందు ఎన్నడూ చేసి ఎరగదు. తడిపిండి జల్లించి, వీడియో కాల్‌లో అమ్మ చెబుతుంటే పాకం పట్టింది. రెండుసార్లు చెడిపోయింది. మూడోసారిది కుదిరిందో లేదో తెలియకుండానే డబ్బాకి ఎత్తింది. తీరా బయల్దేరే రోజున కూతురికి జ్వరం. నేను నెలకోసారి ఆఫీసు పని మీద కార్క్ వెళతానని వీధిలో అందరికీ తెలుసు. నేనైతే జాగ్రత్తగా చేరుస్తానంటూ డబ్బా నా చేతిలో పెట్టింది. ఆ నమ్మకం నాకు గుర్తుండాల్సింది. నాకు గుర్తున్నది పప్పు.

ఆదివారం మధ్యాహ్నం రైలు. థర్లెస్ దాటాక పొలాల మధ్య ఆగిపోయింది. పట్టాల మీదికి ఆవులొచ్చాయి. గంట గడిచింది. రెండు గంటలు. అలవాటు కొద్దీ ఫోన్ తీసి కంప్లైంటు మొదలుపెట్టాను, కానీ ఆవుల మీద ఎవరికి రాయాలి? ఎదురు సీటులో నోరా అనే పెద్దావిడ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. హ్యామ్ శాండ్‌విచ్‌లో సగం ఇవ్వబోయింది. మాంసం తిననన్నాను. మరి ఆకలికి ఏం చేస్తావని ఆవిడ నాకంటే ఎక్కువ కంగారు పడింది.

డబ్బా మూత ఎందుకు తీశాను? ఆకలేసి తీశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఆకలి కాదు. సుజాత చేసినదాంట్లో ఒక తప్పు దొరికితే చాలుననుకున్నాను. పాకం ముదిరిందనో, పిండి ఉండకట్టిందనో నలుగురిలో అనడానికి పనికొచ్చే ఒక్క తప్పు. చిటికెడు నోట్లో వేసుకున్నాను. తప్పు దొరకలేదు. ఇంకొంచెం వేసుకున్నాను. నెయ్యి, యాలకులు, పంటికింద గసగసాలు. వెతకడం మానేసి తినడం మొదలుపెట్టాను.

నోరాకి ఒక ముద్ద పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలి, వెనక సీటువాళ్ళని పిలిచింది. ఇక్కడివాళ్ళు కర్రలతో ఆడే హర్లింగ్ మ్యాచ్ చూసి వస్తున్న ఎర్ర జెర్సీలవాళ్ళు వచ్చారు. టికెట్లు చూసే ఆయన కూడా వచ్చాడు. నేను లేచి, డబ్బా చంకన పెట్టుకుని, పెళ్ళి పంక్తిలోలా బోగీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వడ్డించాను. పద్నాలుగు మంది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఎవరో కిటికీలోంచి ఆవులకు పేర్లు పెడుతుంటే, అన్నిటికంటే మొండిగా నిలబడ్డదానికి నా పేరు పెట్టమని నేనే అన్నాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఈ దేశానికి వచ్చాక ఫిర్యాదు లేకుండా గడిచిన రోజు అదొక్కటే. తప్పు కంటే ఈ సంగతి చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

రైలు కదిలేసరికి డబ్బా అడుగు కనిపిస్తోంది. దాన్ని లాప్‌టాప్ బ్యాగులోకి దూర్చాను.

కార్క్ స్టేషన్‌లో మాధవి ఎదురొచ్చింది. ఒక చెయ్యి నడుం మీద.

"డబ్బా పెట్టిన సంచి కనబడలేదమ్మా. దిగేవాళ్ళెవరో పట్టుకుపోయినట్టున్నారు."

ఆమె ముఖం చిన్నబోయింది. ఒక్క క్షణమే.

"ఇట్స్ గ్రాండ్ అన్నయ్యా, మీరేం ఫీలవకండి. అక్కకి మాత్రం చెప్పొద్దు, రెండ్రోజులు కష్టపడిందంట. తిన్నానని చెప్పేస్తా."

"నా కోసం నువ్వు అబద్ధం ఆడటం ఎందుకమ్మా?"

"చిన్నదేలెండి."

పెద్దది నా బ్యాగులో ఉంది.

ఆ సాయంత్రమే ఫోన్లో, కొబ్బరి ముక్కలు భలే తగిలాయక్కా అని చెప్పిందట. వాళ్ళమ్మ ఎప్పుడూ కొబ్బరి వేస్తుంది. సుజాత కొట్టిన కాయ కుళ్ళిపోతే ఆసారి గసగసాలతో సరిపెట్టింది. చెల్లెలు తినలేదని ఆమెకు అర్థమైంది. ఎందుకు తినలేదో మాత్రం తప్పుగా అర్థమైంది. నోట పెట్టలేక పారేసి, బాధపెట్టడం ఇష్టం లేక అలా చెప్పిందనుకుంది. తనకు అమ్మ చెయ్యి రాలేదని వారం తర్వాత నాతోనే అంది. నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఉందే, అది డబ్బా ఖాళీ చేయడం కంటే పెద్ద తప్పు.

మాధవికి పాప పుట్టింది. ఆ పిల్ల ఇప్పుడు కార్క్ యాసలో నా ఇంగ్లీషునే దిద్దుతుంది. రెండో కాన్పుకు చలిమిడి రాజమండ్రి నుంచి తెప్పించారు. సుజాత పిండి ముట్టుకోలేదు. అక్కచెల్లెళ్ళు బాగానే ఉంటారు, ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడుకుంటారు.

మూడుసార్లు వాళ్ళ గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. పిరికితనమా? అవును. పప్పు సంగతి మరిచిపోయానా? లేదు, అది కూడా ఒప్పుకుంటున్నాను. ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు. అడగనే లేదు కదా. కానీ ఏ వంటకూ వంక పెట్టకుండా లేవని నేను ఆరోజు వేలితో డబ్బా అడుగు గీరాను. ఆ నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే మీతో చెబుతున్నాను, నవ్వుకుంటూనే చెబుతున్నాను. సుజాత పట్టిన పాకం సరిగ్గా కుదిరింది. అద్భుతంగా కుదిరింది. ఎట్టకేలకు ఈ మాట అనగలిగాను. హాయిగా ఉంది.