ఓబులమ్మ నేర్చుకున్న స్పానిష్

2008లో నన్ను మస్కట్‌లోని బౌషర్‌కు వేశారు. సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటును స్పెయిన్ కంపెనీ ఒకటి కడుతోంది, అక్కడ నేను అడ్మిన్ ఆఫీసర్ని. వీసాలు, సెలవులు, టికెట్లు చూడటం నా పని. ఎవరు ఇంటికి వెళ్ళాలన్నా నా టేబుల్ మీదుగానే వెళ్ళాలి. నా సెలవు మాత్రం ఎప్పుడూ వెనక్కే.

మా ప్రాజెక్టు మేనేజర్ ఇంట్లో కడప నుంచి వచ్చిన ఓబులమ్మ వంట చేసేది. వీసా కంపెనీదే అయినా, ఇంటి పనివాళ్ళ సెలవుకు ముందుగా ఆ ఇంటివాళ్ళు సరేననాలి. ఆ తరువాతే నేను టికెట్ తీయాలి. మేనేజర్ భార్యకు స్పానిష్ తప్ప మరో భాష రాదు. పైగా అంతకుముందు పనిచేసినామె సెలవని వెళ్ళి తిరిగి రాలేదట. ఓబులమ్మ కోసం నేను ఎన్నిసార్లు అడిగినా ఆవిడ తల అడ్డంగా ఊపేది.

ఊళ్ళో ఓబులమ్మ కూతురు అమ్మమ్మను అమ్మా అంటోంది. ఫోన్లో తల్లిని అక్కా అని పిలుస్తోంది. "ఇంకొన్నాళ్ళు పోతే అదీ పిలవదు సార్. మీరడిగితే కాల్యా, నేనే అడుగుతా. ఆ మాటలు నేర్పిచ్చండి," అంది.

నాకొచ్చిన స్పానిష్ అంతంతమాత్రం. 'వెళ్తున్నాను' అనడానికి వాళ్ళు 'వోయ్' అంటారు, అక్కడ మొదలుపెట్టాను. 'వోయ్ అల్ మెర్కాదో', మార్కెట్‌కు వెళ్తున్నాను. 'వోయ్ అ లా కొసీనా', వంటింట్లోకి వెళ్తున్నాను. రోజంతా ఆ ఇంట్లో వోయ్ వోయ్ అంటూ తిరిగేది. మేడమ్ ముచ్చటపడి ఒక్కో మాటా సరిదిద్దేది. చివరికి అసలు వాక్యం చెప్పాను. 'వోయ్ అ మి కాసా', మా ఇంటికి వెళ్తున్నాను.

ఓబులమ్మ మొహం మాడ్చుకుంది. "మార్కెట్టుకంటే సరే సార్. అంత దూరం పొయ్యేటప్పుడు పోతాండా అని ఎవురైనా అంటారా? పోయొస్తా అనాల."

ఎంత చెప్పినా వినలేదు. సరే పొమ్మని, తిరిగి వస్తానని చెప్పే 'వుయెల్వో' కూడా కలిపి ఇచ్చాను. ఆ మాట నేర్పుతుంటే మా ఊరి మీద నాకే బెంగ పుట్టుకొచ్చింది.

మర్నాడు మేడమ్ స్వయంగా ఫోన్ చేసింది. తిరిగి వస్తానని ఓబులమ్మ తన నోటితో మాటిచ్చింది, టికెట్ తీయండి అంది. అది మన వైపు గడప దాటే ప్రతివాళ్ళూ అనే మాటేనని ఆవిడకు చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు. నెల రోజుల సెలవుకు టికెట్ తీశాను.

ఓబులమ్మ చెప్పిన రోజుకే తిరిగొచ్చింది. పాప అమ్మా అని పిలిచిందా అని అడిగాను.

"పిలిచింది సార్. నేను బయల్దేరే ముందు దినం," అంది.

ఆ తరువాత నా సర్వీసులో చిన్నపిల్లల తల్లులెవరికీ నెల సెలవు సిఫార్సు చేయలేదు. రెండు నెలలు రాసేవాణ్ణి. మొదటి నెల పిల్లలు మనిషిని గుర్తుపట్టడానికే సరిపోతుంది.