క్లెమ్ అట్టముక్కలు

క్లెమ్ డాసన్‌కి ఈ లోకంలో ఏదీ ఉన్న కొలతలో నచ్చదు. ఏ ఫొటో చూపించినా పక్కలనుంచి కోయాల్సిందే. అందుకని చొక్కా జేబులో ఎప్పుడూ రెండు నల్ల అట్టముక్కలుంటాయి, వడ్రంగి మూలమట్టం ఆకారంలో. వాటిని ఫొటో మీద ఎదురెదురుగా పెట్టి, మెల్లగా దగ్గరికి జరిపి, ఆపరేషన్ బల్ల దగ్గర డాక్టరంత గంభీరంగా అంటాడు:

"ఇక్కడికి కోసెయ్."

ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో, ఉత్తర తీరాన మాదో చిన్న ఊరు. మంగళవారం సాయంత్రం చర్చి హాల్లో కెమెరా క్లబ్బు. ఫొటోలు ఒక్కొక్కటే బల్లమీద నిలబెడతారు, అందరూ మంచీ చెడ్డా చెప్పాలి. మేం మంచీ చెడ్డా చెబుతాం. క్లెమ్ కోస్తాడు.

నేనొకసారి సముద్రంమీద సూర్యాస్తమయం తీసుకెళ్లాను. అట్టముక్కలు జరిగాయి.

"సూర్యుణ్ణి తీసెయ్."

"సూర్యాస్తమయంలో సూర్యుణ్ణి తీసేస్తే ఇంకేం మిగుల్తుందయ్యా?"

"అదిగో, ఆ పడవ. పాపం, నన్ను చూడండి చూడండి అంటోంది."

మా అధ్యక్షురాలు బెవ్ తన యాభయ్యో పెళ్లిరోజు ఫొటో పెట్టింది. క్లెమ్ చాలాసేపు పరీక్షించి, "భర్త అక్కర్లేదు," అన్నాడు.

"నేనూ యాభై ఏళ్లుగా అదే అంటున్నా," అంది బెవ్.

టీ దగ్గర కేకు పళ్లానికి కూడా అట్టముక్కలు పెట్టి, బాగున్న మూల తన వైపు తిప్పుకునేవాడు.

మా క్లబ్బులో రెగ్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన పోయాక కెమెరా భార్య నోలా చేతికొచ్చింది. ఏడాదిగా ఫొటోలు తెస్తోంది. ఒకదాంట్లో తల లేదు, ఒకదాంట్లో కాళ్లు లేవు. ఒక మంగళవారం టీ పోస్తుంటే నా చెవిలో అంది:

"ఇవాళ కూడా నా ఫొటో బాలేదంటే కెమెరా బీరువాలో పెట్టేస్తా. రెగ్ కెమెరాకి నావల్ల పరువు పోతోంది."

ఆ రోజు నగరం నుంచి ఓ తీర్పరి వచ్చాడు. ఫొటోల మీద పేర్లుండవు కాబట్టి ఎవరిదేదో ఆయనకు తెలియదు. నోలా ఫొటో పెట్టారు. బోలెడంత ఆకాశం, ఓ గేటు, పచ్చిక. కింద తీసినావిడ నీడే పొడుగ్గా పడింది.

"మొట్టమొదటి పాఠం," అన్నాడు తీర్పరి. "మన నీడ ఫొటోలో పడకూడదు. ఇందులో చూడ్డానికేం లేదు. తర్వాతది."

నోలా కప్పు కిందపెట్టి చేతిసంచీ అందుకుంది. సరిగ్గా అప్పుడే క్లెమ్ లేచాడు.

"కాసేపు కూచోవయ్యా బాబూ!" అన్నాను. వినలేదు.

ఆకాశం పోయింది. గేటు పోయింది. పచ్చిక పోయింది. తీర్పరి నవ్వి, "నీడను కదా తీసెయ్యాల్సింది?" అన్నాడు.

"తొందరపడకు నాయనా. ఎక్కడో ఉంటుంది," అన్నాడు క్లెమ్, అట్టలు ఇంకా బిగిస్తూ.

చివరికి నీడ ఒక్కటే మిగిలింది. వెలుతురంతా మూసేశాక మా కళ్లకు ఆ నలుపులో ఇంకో నలుపు ఆనింది. రెండు చెవులు. ముందుకాళ్ల మీద ఆనించిన మూతి.

"నీడ కాదిది," అన్నాడు క్లెమ్. "చల్లగా ఉందని ఎవరో వచ్చి పడుకున్నారు."

నోలా బల్ల దగ్గరికి నడిచింది.

"మా టార్! రెగ్ కుక్క. ఆయన పోయిన్నాటినుంచి గేటు దగ్గరే కూచుంటుంది, పిలిచినా నా దగ్గరికి రాదు. ఇదెప్పుడొచ్చింది? నేను చూడనేలేదు!"

"నువ్వు చూళ్లేదు. కెమెరా చూసింది," అన్నాడు క్లెమ్. "ఇక్కడికి కోసెయ్."

తీర్పరి ఆ ఫొటో ముందుకు మళ్లీ వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. ఆ రాత్రి నా సూర్యాస్తమయం బయటకు తీసి, సూర్యుణ్ణి అరచేత్తో మూసి చూశాను. నిజంగానే మంచి పడవ.

కెమెరా బీరువాలోకి వెళ్లలేదు. మాకు డిసెంబరంటే వేసవి. క్రిస్మస్ ఎండల్లో క్లబ్బు వాళ్లం బీచిలో మాంసం కాల్చుకుంటుంటే, నోలా క్లెమ్ జేబులోంచి అట్టముక్కలు లాగి ఆయనకే ఎదురుగా పట్టింది.

"ఈ బొజ్జ అక్కర్లేదు."

క్లెమ్ తలవంచి తన బొజ్జను నిష్పక్షపాతంగా పరిశీలించాడు.

"కోసెయ్. ప్లేటులో సాసేజీ మాత్రం ఉండనీ."

నోలా నీడలో పడుకున్న టార్ కూడా ఆ సాసేజీనే చూస్తోంది.