పండగయ్యాక అని చెప్పాను

మొన్న మా అక్క తన మనవరాలి గుండె పరీక్ష కాగితాలు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "నువ్వు చదువుకున్నోడివి గదరా, ఏం రాశారో చెప్పు" అంది. చిన్న రంధ్రమేనట, పెద్ద డాక్టరుకు చూపించమన్నారు. నాలుగుసార్లు చదివాను. చూపు ఆనట్లేదనుకుంది, పిచ్చి తల్లి.

ఎనభైల్లో మాట. పెళ్లయిన ఏడేళ్లకు, కోటప్పకొండకు మొక్కుకుంటే అక్కకు కొడుకు పుట్టాడు. పాలు తాగితే చాలు, పెదాలు, గోళ్లు నేరేడుపండు రంగుకు తిరిగేవి. మా నాయనమ్మ చూసి "నీలకంఠుడే వచ్చాడే!" అని చెంపలేసుకుంది. ఇంకేముంది, ఊరు ఊరంతా కొబ్బరికాయలతో దిగింది. పసివాడు ఆయాసపడుతుంటే మేము హారతులు పట్టాం. తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

అక్కకు మాత్రం అనుమానమే. నన్ను తోడు తీసుకుని నరసరావుపేటలో పిల్లల డాక్టరుకు చూపించింది. ఆయన ఎక్స్‌రే తీయించి మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు నేనొక్కణ్నే వెళ్లాను. గుండె పుట్టుకతోనే సరిగ్గా లేదనీ, రేపే మద్రాసు బండెక్కించమనీ చెప్పి, అక్కడి డాక్టరుకు ఇంగ్లీషులో చీటీ రాసిచ్చాడు.

శివరాత్రి ఇంక ఐదు రోజులే. ఆ ఏడు కొండ తిరనాళ్లకు బండి మీద కట్టుకెళ్లే మా ఊరి వెదురు ప్రభ పెత్తనం నాది. పక్కూరి ప్రభకన్నా మూరెడు ఎత్తు లేపుతానని నలుగురిలో మీసం మెలేశాను. ప్రభ బండి మీద మా నీలకంఠుణ్ని కూర్చోబెడతానన్నదీ నేనే. ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏందిరా, ఏమన్నాడు?"

"గుండె కాస్త నీరసమంట. పండగయ్యాక మద్రాసు తీసుకెళ్లమన్నాడు."

"చీటీలో అంతేనా?"

"అంతే."

నోరు తడబడను కూడా లేదు.

ప్రభ లేచింది, మూరెడు కాదు, రెండు మూరలు. అక్క పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని బండి మీద కూర్చుంది. డప్పులకు ఉలిక్కిపడి వాడు గుక్కపట్టాడు, ఏడ్చి ఏడ్చి నీలమయ్యాడు. జనం "చేదుకో కోటయ్యా!" అని చేతులెత్తారు. నేనూ ఎత్తాను. కొండ ఎదురుగా, మిట్టమధ్యాహ్నం, అక్క ఒళ్లోనే పోయాడు.

స్వామి తన బిడ్డను తాను తీసుకున్నాడని, బదులుగా తర్వాత కూతుర్నిచ్చాడని అక్క ఇప్పటికీ నమ్ముతుంది. ఆ చీటీ నా పెట్టె అడుగునే ఉంది. అబద్ధం అంత తేలిగ్గా ఆడిన నోటికి నిజం ఇన్నేళ్లూ రాలేదు. సిగ్గుతో చచ్చిపోతుంటాను, అయినా చెప్పను.

మొన్న కాగితాలు మడిచిస్తుంటే అక్క అడిగింది: "పండగ దాకా ఆగొచ్చంటావా?"

"వద్దక్కా, రేపే పోదాం" అన్నాను.

ఆ డాక్టరు చెప్పిన 'రేపే' అన్న మాట నా నోట రావడానికి నలభై ఏళ్లు పట్టింది.