చేటలో ఇసుక

అరవైల మొదట్లో, నేను బడిపంతులుగా ఉన్న రోజులు. కావలి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్క బల్ల మీద తెల్లచీర కట్టుకున్న ఒకామె, ఎనిమిదేళ్ల పాప గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఇద్దరి ఒళ్లోనూ కలిపి ఒక చేట, అందులో సముద్రపు ఇసుక. పాప అక్షరం దిద్దుతోంది.

"మీ పాపా?" అన్నాను.

"కాదు సార్. ఈ బిడ్డని ఏ బళ్లోనూ చేర్చుకోలేదు. ఈ ఒక్క బిడ్డకే నేను చదువు చెప్తా."

పంతుల్ని కదా, ఊరుకోలేకపోయాను. "పాపా, నా మొహం చూసి చెప్పు, అదేం అక్షరం?" అన్నాను. పాప చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగసాగింది.

"మొగం చూడమనబాకండి సార్. చూసేదానికే బిడ్డ సత్తువంతా అయిపోద్ది. ఇంక అక్షరానికేం మిగలదు," అందామె, కోపం లేకుండా. ఇసుక చదును చేసి, సగం అక్షరం రాసి వేలు తీసేసింది. చాలాసేపటికి ఊగడం ఆపి, మిగతా సగం పాప రాసింది.

రైల్లో నాకు మా బళ్లో చదివిన చిన్నపిల్ల రమణమ్మ గుర్తొచ్చింది. నా మొహం చూడదని గోడకుర్చీ వేయించి, చివరికి "పొగరు పిల్ల, బడి మాన్పించండి" అని వాళ్ల నాన్నకు చెప్పింది నేనే.

సోమవారం బడి వదిలాక, చేటలో ఇసుక పోసుకుని వాళ్లింటికి వెళ్లాను. పక్కన కూర్చోగానే రమణమ్మ నా చేతులవైపు చూసింది, బెత్తం తెచ్చానేమోనని.